పట్టుబట్ట తూకం

బర్గండీ కొండల్లోని ఆ మఠంలో పొద్దున్నే బార్లీ రొట్టెల వాసన వేస్తుంది. ఆ రోజూ వేసింది. సిస్టర్ ఓడిలీన్ మాత్రం ముక్క తుంచలేదు, ఉపవాసం. బిషప్ గారు పంపిన ఫాదర్ గోబెర్ తక్కెడతో సహా నేలమాళిగ గుమ్మంలో నిలబడ్డాడు.

మఠానికున్న ఆస్తల్లా నేలమాళిగలో పెట్టెలో దాచిన ఒక నారబట్ట. పునీత ఔరియాను సమాధి చేసినప్పుడు చుట్టిన వస్త్రమని, దాన్ని చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. అది నిజంగా ఆవిడదేనా అని బిషప్ గారికి అనుమానం. తీర్చే పద్ధతి పాతదే. తూచిన కొత్త పట్టుబట్టను దాని మీద పరిచి, ఒక సిస్టరును కాపలా పెట్టి తాళం వేస్తారు. సాయంత్రం గంటకు కొత్త బట్ట బరువెక్కితే మహిమ దిగినట్టే.

"ఈకంత ఉంది," అన్నాడు గోబెర్ పట్టుబట్ట తూచి. "దీని మీద కూర్చుని బరువు పెంచవు కదా, తల్లీ?"

"తిన్నదే లేదు, నాకెక్కడి బరువు ఫాదర్?"

మఠం పెద్ద మదర్ రిషిల్డ్ నవ్వలేదు. ఓడిలీన్ చెవిలో, "నోరు జారావో, అందరం వీధిన పడతాం," అంది. ఓడిలీన్‌ను లోపల ఉంచి తాళం వేశారు.

అసలు వస్త్రం నిరుడే చెమ్మకు చివికి పిండైపోయింది. ఆ వారమే సిస్టర్ పెర్నెల్ చలిజ్వరంతో పోయింది. ఓడిలీన్‌కు ప్రాణమిచ్చే నేస్తం. మదర్ చెప్పిందని ఓడిలీనే ఆ గొయ్యి తవ్వి, శవానికి చుట్టిన బట్ట విప్పుకొచ్చింది. ఒంటి మీద నూలుపోగు లేని పెర్నెల్ మీద మళ్లీ మన్ను పోసింది. ఆ బట్టే ఇప్పుడు పెట్టెలో ఉంది. ఇక దాచడం తన వల్ల కాదు. తలుపు తీయగానే గోబెర్ కాళ్ల మీద పడి చెప్పేస్తుంది. అలా అనుకున్నాకే ఆమెకు ఊపిరాడింది.

కొవ్వొత్తి సగానికి కరిగింది. తడి సున్నం వాసనలోకి ఇంకో వాసన చేరింది... అప్పుడే తవ్విన మట్టిది. పెట్టె వెనక పళ్లు టకటకలాడుతున్నాయి. చలికి.

"ఓడీ... నా బట్టేదే?"

ఆ గొంతు తనకు తెలుసు. తలుపు బాదింది. ఎవరూ రాలేదు. పట్టుబట్ట లాగి చీకట్లోకి చాచింది.

"ఇది కప్పుకోవే... నన్నొదిలెయ్..."

అవతలి కొస ఎవరో అందుకున్నారు. మెల్లగా. బట్ట ఓడిలీన్ తల మీదికి జారింది. అంతా తెల్లగా అయిపోయింది.

గంట మోగింది. తలుపు తెరుచుకుంది.

"ఫాదర్, ఆ బట్ట పెర్నెల్‌ది!" అని అరిచింది ఓడిలీన్. గోబెర్ తల తిప్పలేదు. పెట్టె మీద చక్కగా మడిచి ఉన్న పట్టుబట్టనే చూస్తున్నాడు. ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. పనివాళ్లు కూడి తక్కెడలో వేస్తే గొలుసు తెగింది.

"ముగ్గురు మనుషుల బరువుంది," అన్నాడు గోబెర్, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటూ. "కాపలా సిస్టరేది మరి? తాళంచెవి నా దగ్గరే ఉందే."

ముగ్గురా? తనూ పెర్నెలూ ఇద్దరేగా, అనుకుంది ఓడిలీన్.

మదర్ రిషిల్డ్ ఆ మడత మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"ప్రభువు పిలుచుకున్నాడు," అంది. "పెట్టెలో పెట్టి మేకులు కొట్టండి."

మదర్, మదర్ అని ఓడిలీన్ గొంతు చించుకుంది. నేత సందుల్లోంచి వచ్చే వెలుతురు మేకు మేకుకీ తగ్గి, పూర్తిగా పోయింది.

చీకట్లో మంచుగడ్డలాంటి పాదం ఆమె పాదానికి తగిలింది.

"కాస్త ఇటు జరగవే," అంది పెర్నెల్. "నీ వెనకున్నావిడకీ చలేస్తోంది."