గోడ మీద పొగాకు మరక

తెల్లవారి ఆరింటికే సవిత కొంగు నడుముకు దోపి వంటింటి నుంచి మొదలుపెట్టింది. అద్దె ఇల్లు ఖాళీ చేయడంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొందరు చీపురైనా ముట్టకుండా తాళంచెవి చేతిలో పెట్టి పోతారు. సవిత అలా కాదు, కోపం ఎంత పెరిగితే అంత శుభ్రంగా కడుగుతుంది. ఆ లెక్కన ఆ రోజు నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ వీధులు మొత్తంలో అంత మెరిసే ఇల్లు ఇంకొకటి లేదు.

ఆ కోపం ఇంటి యజమానురాలు విమలమ్మ మీద. నెల కిందట ఆమె మేడ దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఇల్లు ఖాళీ చేయమంది. కారణం చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. సవిత అత్త సుమిత్రమ్మకు ఊపిరితిత్తులు చెడిపోయి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు పంపేసి అప్పటికి నాలుగు రోజులు. అద్దెకిచ్చిన ఇంట్లో మనిషి చెడ్డ నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలని యజమానులకు భయం. పదకొండేళ్లు "విమలక్క" అని పిలిచిన సవిత ఆ రోజు నుంచి "ఓనరమ్మ" అనడం మొదలుపెట్టింది. అత్త కోసం ఆమె జావలా కాచి పంపిన జొన్న గటక గిన్నెను మూడుసార్లు మూత తీయకుండానే తిప్పి పంపింది.

సవిత భర్త రవీందర్ ఇంటి కోసం నిజామాబాద్ అంతా తిరిగాడు. మంచంలో ముసలామె ఉందనగానే ప్రతి ఇంటివాళ్లకూ ఎక్కడెక్కడి చుట్టాలో దిగబోతున్నారు. చివరికి బోధన్‌లో సుమిత్రమ్మ తమ్ముడు ఆత్మారాం తన ఇంటి వెనక రెండు గదులు ఇస్తానన్నాడు. తొమ్మిదింటికి ట్రాలీ ఆటో వస్తుంది. అత్తకు మాత్రం గాలి మార్పు కోసమని చెప్పారు.

అన్నీ మెరిశాయి గానీ ఒక్క మరక మొండికేసింది. అది సుమిత్రమ్మ బీడీలు చుట్టిన మూల. చాట ఒడిలో పెట్టుకుని, గోడకు వీపు ఆనించి, పదకొండేళ్లు ఆమె అక్కడే కూర్చుంది. ఆ వీపు మేర గోడ పొగాకు రంగుకు తిరిగింది. సర్ఫ్ అయింది, నిమ్మచెక్క అయింది, ఇప్పుడు సవిత గిన్నెలు తోమే పీచుతో గీకుతోంది. రవీందర్ వదిలేయమన్నా వినలేదు. ఎదుటి మంచంలోంచి సుమిత్రమ్మ ఆ గీకుడంతా చూస్తూ పడుకుంది.

ఎనిమిదిన్నరకు విమలమ్మ దిగి వచ్చింది.

"గోడను ఇడిసిపెట్టు సవితా. సున్నం నేను ఏపిస్త."

సవిత తిరగకుండానే అంది. "ఎందుకు ఇడిసిపెడ్త ఓనరమ్మా? అన్ని కడిగిన. మా ఎనక మీరు కడుగుడు అక్కర లేదు."

బతికున్న మనిషి బయల్దేరితే వెనక చీపురైనా పట్టరు. వెనక కడిగేది శవం లేచిన ఇంటినే. విమలమ్మ ముఖంలో రక్తం లేదు. ఆమె మంచం వైపు చూసింది.

"ఆమెను అనకు," అంది సుమిత్రమ్మ. "పొమ్మన్నది ఆమె గాదు. నేనే పొమ్మనమన్న."

రవీందర్ చేతిలోని డబ్బా కింద పెట్టాడు. సుమిత్రమ్మ ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకుంటూ చెప్పింది. సవిత మందులకు వెళ్లిన పూట విమలమ్మను పిలిచి, తన తల మీద చేయి పెట్టించి, ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట. పదమూడేళ్ల కింద వాళ్లు ఇంకో అద్దె ఇంట్లో ఉండగా ఆమె భర్త రాజలింగు దవాఖానలో పోతే, శవాన్ని లోపలికి తేనీయకుండా ఆ యజమాని గేటు తీయలేదు. వానలో, గల్లీలో, టార్పాలిన్ కింద పెట్టుకుని ఏడ్చారు.

"ఆనాడు నా కొడుకు ఓనర్ కాళ్లు పట్టుకున్నడు. నా కోసం మళ్ల పట్టుకోవద్దు. పోదాం అని నేనంటె వాడు ఇనడు. అందుకే ఆమెతోని అనిపిచ్చిన."

సవిత చేతిలోంచి పీచు జారింది. నెల రోజులు తను విసిరిన మాటలన్నీ ఈ మనిషి నోరు మెదపకుండా పడిందని తెలిసి సిగ్గుతో తల వాలిపోయింది.

విమలమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. "నన్ను మంచిదాన్ని చెయ్యకవ్వా. నువ్వు అడిగిననాడే నేను వద్దనాలె. అనలే. లోపల్లోపల నాకు నిమ్మలమైంది. గదే నా తప్పు." ఆమె సుమిత్రమ్మ దుప్పటి సర్దింది. "ఇల్లు ఆరు నెల్లు మూస్తె మూస్త. నువ్వు యాడికి పోవద్దు. నా గేటు తెరిచే ఉంటది."

రవీందర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బయట ట్రాలీ హారన్ కొట్టింది. అతనే కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, డ్రైవర్ గులాంకు సంగతి చెప్పి ఖాళీ బండిని తిప్పి పంపాడు. ఆత్మారాంకు ఫోన్ చేశాడు.

సవిత విమలమ్మ చేయి పట్టుకుంది. క్షమించమని అడగాలనుకుంది, నోటికి ఒక్క మాటే వచ్చింది. "అక్కా."

"గటక పొయ్యి మీదనే ఉన్నది," అంది విమలమ్మ. "ఈసారన్న మూత తియ్యి."

కాసేపటికి సుమిత్రమ్మ తన మూలలో కూర్చోబెట్టమంది. సవిత, విమలమ్మ చెరో రెక్క పట్టి, ఇంకా తడి ఆరని గోడకు దుప్పటి మడిచి పెట్టబోతే వద్దంది. వీపు గోడకే ఆనించి, కళ్లు మూసుకుని, చల్లదనానికి హాయిగా నిట్టూర్చింది.

"మంచిగనే కడిగినవు బిడ్డా. మళ్ల మాస్తది."

"మాయనియ్యి అత్తా," అంది సవిత.