దింపుడు కళ్లం

పాడె మోస్తున్న నలుగురిలో ఒక్కరికీ ఆయాసం లేదు. కొండవాలు మీది శ్మశానానికి ఎక్కుతూ తాపీగా క్రికెట్ కబుర్లు చెప్పుకుంటున్నారు. ప్రాణరేణువులు వచ్చి పన్నెండేళ్లయింది. అంతకుముందు మనిషి బతకాలంటే ఒంట్లో ముగ్గురు కలిసి కాపురం చెయ్యాల్సి వచ్చేది. ఊపిరితిత్తులు గాలి పట్టేవి, నెత్తురు దాన్ని మోసేది, గుండె ఆ నెత్తురును తోసేది. ఇప్పుడు కంటికి కనిపించని ఈ రేణువులు పూటకు సరిపడా ప్రాణవాయువును నింపుకుని నెత్తురులో వాటంతట అవే ఈదుకుంటూ తిరుగుతున్నాయి. రొప్పడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు.

పాడె మీద ఉన్నది పైడిరాజు. తెల్లవారుతుండగా గుండె చిట్లింది, మణికట్టు మీది నాడీపట్టీ నల్లబడింది. గుండె ఆగితే మనిషి పోయినట్టేనని చట్టం. ఆ చట్టం రేణువులకంటే పాతది, దాన్ని మార్చాలని మహా మహా మేధావులకు కూడా తోచలేదు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఈ రోజుల్లో శవాలు తొందరగా చల్లబడవు. అదీ అందరికీ అలవాటైపోయింది.

సగం దారిలో కూతురు గౌరీశ్వరి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ దింపండి. దింపుడు కళ్లం చేసి ఎల్దాం."

భర్త రామునాయుడు విసుక్కున్నాడు. "మళ్లీ అదేటి గౌరీ? అత్తయ్యను తీసుకెల్లినప్పుడూ ఇలాగే అన్నావు. చచ్చినోల్ల చెవిలో పిలిస్తే లేస్తారా, చాదస్తం, నడవండెహె అని మావయ్యే కదా కసిరారు?"

"అమ్మకు చెయ్యలేదని ఇప్పటికీ నాకు గుచ్చుకుంటానే ఉంది. నాన్నకైనా చెయ్యనీ."

దింపారు. దింపుడు కళ్లం ఆశ అని ఊరికే అనరు. లేని ఆశను ఒక్కసారి బతికించి చంపడానికే పెద్దలు ఆ ఆచారం పెట్టినట్టుంది. గౌరీశ్వరి వంగి తండ్రి చెవిలో "నాన్నా" అని పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారికి, మూసి ఉన్న కంటి కొసన నీరు ఊరి చెంప మీదికి జారింది.

ఆమె కెవ్వున అరిచింది. వెనక వస్తున్న డాక్టర్ శేషుబాబు పరుగెత్తుకొచ్చాడు. ఊళ్లో సగంమందికి రేణువులు ఎక్కించినవాడు ఆయనే. జేబులోంచి మెదడు కదలికను చూపే మేధాసూచి తీసి పైడిరాజు నుదుటికి ఆనించాడు. ముల్లు కదిలింది.

"బతికించండి బాబూ!" అంది గౌరీశ్వరి.

"కుదరదమ్మా. గుండె చిట్లిపోయింది, కండలన్నీ పొద్దున్నే చచ్చుబడ్డాయి. వాయువు తక్కువైతే ఉన్నదంతా మెదడుకూ నరాలకే చేర్చమని రేణువులకు మేమే నేర్పాం. గుండె ఆగినా అవి ఈదుతూనే ఉన్నాయి. సాయంత్రం దాకా ఈదుతాయి."

"అంటే నాన్న..."

"కదల్లేరు, కళ్లు తెరవలేరు. వినిపిస్తుంది. ఒంటికేం తగిలినా తెలుస్తుంది." శేషుబాబు నేల మీద కూలబడ్డాడు. తాను ఎక్కడున్నాడో, ఎవరి పక్కన మాట్లాడుతున్నాడో ఆయనకు స్పృహ లేదు. "ఈయనొక్కరికే కాదమ్మా. ఈ పన్నెండేళ్లలో మనం తగలబెట్టిన వాళ్లందరికీ తెలిసే ఉంటుంది."

పాడె మోసినవాళ్లలో ఒకడు తల పట్టుకుని చనిపోయిన తన కొడుకు పేరు గొణుగుతున్నాడు.

"అయితే అత్తయ్య కూడా..." అన్నాడు రామునాయుడు.

గౌరీశ్వరి అతని నోరు మూసింది. అప్పటికే ఆలస్యమైంది. ఇంతసేపూ అందరూ మాట్లాడింది పైడిరాజు తలాపున నిలబడే. ఆయన రెండు కళ్ల కొసల నుంచీ నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. ఆయన ఏడ్చేది తన చావుకు కాదని కూతురికి తెలిసింది. నాన్నకు ఆ సంగతి తెలియకుండా ఉంటే బాగుండునని ఆమె గుండెలు బాదుకుంది.

తర్వాత తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మకు ఆ రేణువులు పడలేదు నాన్నా. ముందే తీయించేసుకుంది. నీకు చెప్పొద్దంది. అమ్మకేటీ తెలీలేదు నాన్నా, నిజం."

ఆయన కన్నీళ్లు ఆగలేదు. ఆ రేణువులకు గడువు తీరినప్పుడల్లా భార్యను దగ్గరుండి తీసుకెళ్లి కొత్తవి ఎక్కించింది ఆయనే. ఆఖరిసారి, ఆమె పోవడానికి ముందు వారం.

గౌరీశ్వరి అదే అబద్ధాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది. పొద్దు ఇంకా నడినెత్తికైనా రాలేదు.