పైడేశ్వరరావు ఇంట్లో స్క్రీన్

పొద్దున్నే టీ కొట్టు దగ్గర మల్లేశ్వరరావు అన్న ఒక్క మాట పైడేశ్వరరావు నోట్లో టీని చేదు చేసేసింది.

"ఏం బావా, మొత్తానికి మీ ఇంట్లోకీ స్క్రీన్ దిగుతోందట!"

"ఎవరన్నారు?"

"ఎవరో అనడమేంటి, నా చెవులారా విన్నాను. నిన్న బందర్లో కోనేరు సెంటర్ దగ్గర మీ దివ్యశ్రీ ఏదో షాపులో చెప్తోంది, 'మా నాన్న వేసిన డిజైన్లన్నీ పెద్ద స్క్రీన్ మీద వెయ్యాలండీ' అని. మంచి పనేలే. నువ్వు వద్దన్నావని కాలం ఆగుతుందా? ఫ్రేములు కావాలంటే మొహమాటపడకు. మా షెడ్డులో పాతవి పడున్నాయి."

పైడేశ్వరరావు సగం టీ అక్కడే వదిలేసి లేచాడు.

కలంకారీ అద్దకం చేసే పెడనలో స్క్రీన్ అంటే సినిమా తెర కాదు, సెల్‌ఫోను అద్దమూ కాదు. సన్నటి జల్లెడ గుడ్డ బిగించిన ఫ్రేము. దాన్ని చీర మీద పెట్టి రబ్బరు పట్టీతో రంగు ఒక్క లాగు లాగితే, చెక్క అచ్చులతో పూటంతా నిలబడి వేసే పని చిటికెలో అయిపోతుంది. చేసుకునేవాళ్ళు చేసుకుంటున్నారు, బతుకుతున్నారు. కానీ ఆ ఫ్రేములు మొదటిసారి వీధిలోకి దిగిన ఏడు, పైడేశ్వరరావు తండ్రి కోటయ్య తన బల్ల మీద అరచెయ్యి వేసి, "ఈ గడప లోపలికి స్క్రీన్ రాకూడదు. వచ్చిన రోజున నా ఫొటో గోడ మీంచి దించెయ్యండి" అన్నాడు. ఆ మాట నిలబెట్టడం కొడుకు వంతయింది. నిలబెట్టాడు. ఊళ్ళో 'అచ్చుల పైడేశ్వరరావు' అని పేరు పడింది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన నడకే మారిపోయేది.

అయితే ఇప్పుడా పేరు వింటే భయం. షుగరు కళ్ళలోకి దిగింది. "ఉన్న చూపు నిలబెట్టుకుందాం, అంతకంటే ఆశపడకండి" అన్నాడు బందరు డాక్టరు. ఇంటికొచ్చి, అద్దాలు మార్చమన్నాడని చెప్పి ఊరుకున్నాడు పైడేశ్వరరావు. శివరాత్రి వెళ్ళాక వేసిన ఒక దుపట్టాలో అచ్చు పక్కన అచ్చు కలిసే చోట, వాళ్ళు జాయింటు అంటారు దాన్ని, గీత తప్పింది. ఆయనకది కనపడలేదు. కానీ పక్క బల్ల దగ్గర ఎప్పుడూ వసపిట్టలా వాగే వీరదుర్గ ఆ గుడ్డ చూసి గప్‌చుప్‌గా ఉండిపోయింది. దాంతో అర్థమైంది. దుపట్టాని మడతపెట్టి పెట్టె అడుగున తోసేశాడు. మర్నాటి నుంచి భుజం నొప్పి అన్నాడు. మళ్ళీ అచ్చు ముట్టలేదు.

'నా పని అయిపోయిందని నా కూతురికి తెలిసిపోయింది. అందుకే స్క్రీన్' అనుకుంటూ ఇంటి మెట్లెక్కాడు.

లోపల హాలంతా చిందరవందరగా ఉంది. మధ్య గదిలో ఉండాల్సిన దివ్యశ్రీ కంప్యూటరు హాల్లోకొచ్చింది. గుడివాడలో డిగ్రీ చదివిన పిల్ల, దాని ముందే కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పని చేస్తుంది. నెల కిందట తన జీతంలోంచి గోడంత టీవీ కొంది. ఫోర్ కే అట. సీరియల్లో అత్తగారి ముక్కుపుడక రాయి కూడా లెక్కపెట్టొచ్చని వాళ్ళమ్మ కనకమహాలక్ష్మి వీధంతా చెప్పుకొచ్చింది. ఇప్పుడా టీవీ వెనకాల దివ్యశ్రీ తల దూర్చి ఉంది. నేలంతా వైర్లు. గుడ్డల పెట్టె మూత తెరిచి ఉంది. టీవీ పైన గోడకి ఉత్త మేకు.

ఆ మేకు మాత్రం పైడేశ్వరరావుకి బాగానే కనపడింది.

"మా నాన్న ఏడే?"

"బల్ల మీద పెట్టాను నాన్నా. వైరు లాగుతుంటే తాతయ్య అడ్డొచ్చాడు."

"అడ్డొచ్చాడా!"

ఆ అరుపుకి కనకమహాలక్ష్మి చేతిలో అట్లకాడతోనే వంటింట్లోంచి వచ్చింది. "ఏంటండీ, పొద్దున్నే? వీధిలో వాళ్ళు పరిగెత్తుకొస్తారు."

"నువ్వు కూడానా కనకం? అంతా తెలిసే ఊరుకున్నావా?"

"తెలిస్తే ఏం? పిల్ల ముచ్చటపడి చేసుకుంటోంది. మీకే మంచిది."

"నాకు మంచిదా! పెట్టెలో గుడ్డలేవి?"

"అన్నీ ఫొటోలు తీసేశాను నాన్నా," టీవీ వెనక నుంచి హుషారుగా గొంతొచ్చింది. "ఇంక స్క్రీన్ మీద వెయ్యడమే!"

అంతే. పైడేశ్వరరావు భుజం మీది తువ్వాలు తీసి విసిరికొట్టాడు. "వెయ్యి. మీ తాత ఫొటో దించి మరీ వెయ్యి. ఆ మల్లేశు షెడ్డులో పాత ఫ్రేములున్నాయట, అవీ తెచ్చుకో. నాన్నా, నీ చెయ్యి ఇంక పనికిరాదని ఒక్క మాట నా మొహాన అనుంటే నేనే పక్కకి తప్పుకునేవాణ్ణి కదే. ఇలా చాటుగా..." మిగతా మాట మింగేశాడు.

దివ్యశ్రీ బయటికొచ్చింది. ముక్కు మీద బూజు. తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. సంగతి అర్థమై నవ్వు రాబోయింది గానీ, ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నాన్నా, నువ్వనుకునే స్క్రీన్ కాదిది..."

"నోర్ముయ్. నాకు చెప్పొద్దు."

పిల్ల కూడా ఆ ఇంటి పిల్లే. నడుం మీద చేతులు పెట్టుకుంది. "సరే, స్క్రీనే తెచ్చాను. ఆ కుర్చీలో కూర్చుని ఒక్కసారి చూసి, అప్పుడు తిట్టు. చూడకుండా తిడితే కోటయ్య మనవరాలు పడదు."

"కూర్చోండి," అంది కనకమహాలక్ష్మి. అట్లకాడ ఇంకా చేతిలోనే ఉంది. పైడేశ్వరరావు కూర్చున్నాడు, మొహం వీధి గుమ్మం వైపు తిప్పుకుని.

దివ్యశ్రీ కంప్యూటరు వెనక వైరు గుచ్చి, టీవీ వేసింది. నీలంగా వెలిగి 'నో సిగ్నల్' అంది.

"ఏంటే, మీ నాన్న లాగే పలకనంటోంది?"

"వెనకాల రెండు కన్నాలున్నాయమ్మా. నేను పని చెయ్యనిదాంట్లో పెట్టాను." వైరు తీసి కిందున్న కన్నంలో గుచ్చింది. టీవీ ఒకసారి నల్లబడింది. తర్వాత గోడంతా ఎరుపూ నలుపూ అయిపోయింది. నిండా పూసిన చెట్టు, దాని కొమ్మల్లో చిలకలు.

పైడేశ్వరరావు చూడకూడదనే అనుకున్నాడు. కానీ పుట్టినప్పటి నుంచి ఆ ఎరుపులో పెరిగినవాడు, ఎంతసేపని గుమ్మం వైపు చూస్తాడు? ఓరగా చూశాడు. తల తిప్పాడు. కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమే! అంచు ఏదే? చిలకల అంచుండాలి కదా చుట్టూ. తెగ్గొట్టేశావేంటి?"

వంటింట్లో పెనం మీద అట్టు మాడుతున్న వాసన వస్తున్నా కనకమహాలక్ష్మి కదల్లేదు.

"నాన్నా," అంది దివ్యశ్రీ మెల్లగా. "నీకు కనపడిందా?"

అప్పటికి గానీ పైడేశ్వరరావుకి తానేం అన్నాడో తెలియలేదు. శివరాత్రి నుంచీ తన చేతి కిందున్న అంచే ఆయనకి కనపడటం లేదు. ఇక్కడ గోడంత బొమ్మలో, లేని అంచు లేదని కూడా కనపడింది.

"మీకు... తెలుసా?" అన్నాడు.

"తెలియకపోవడమేంటండీ?" కనకమహాలక్ష్మి కొంగుతో కళ్ళొత్తుకుంటూనే కసిరింది. "ఏది పూల అచ్చో ఏది ఆకు అచ్చో బొటనవేలితో తడిమి చూసుకుంటుంటే నాకు తెలియదా? భుజం నొప్పికి కళ్ళద్దాలు తుడుచుకునే మనిషిని మిమ్మల్నొక్కరినే చూశాను. మీరు చెప్పేదాకా అడగొద్దంది ఈ పిల్ల. మీరేమో చెప్పే మనిషి కాదు."

దివ్యశ్రీ రిమోటు తీసుకుని మాట మార్చింది. "టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి చుట్టూ అంచు మింగేస్తుంది నాన్నా. సెట్టింగు మారిస్తే మొత్తం చూపిస్తుంది." ఏదో నొక్కింది. నాలుగు పక్కల నుంచీ చిలకలు వరసగా లోపలికి వచ్చి నిలబడ్డాయి.

"ఇంకా అలుక్కుపోయినట్టుంది," అన్నాడు పైడేశ్వరరావు. గొంతులో కోపం లేదిప్పుడు, బల్ల దగ్గర పనివాళ్ళకి చెప్పే గొంతు అది.

"అదీ మారుస్తాను, ఉండు." కంప్యూటర్లో టీవీకి సరిపడా అన్నిటికంటే పెద్ద కొలత పెట్టింది. బొమ్మకి నీళ్ళతో కడిగినట్టు తేటదనం వచ్చింది. గుడ్డలో పడుగూ పేకా దారాలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి.

పైడేశ్వరరావు లేచి టీవీ దగ్గరికి నడిచాడు. "ఇది మా నాన్న పని," అన్నాడు. ఎవరూ చెప్పలేదు. "ఎరుపు మీద నలుపు ఇంత నిండుగా ఎక్కించే చెయ్యి ఆయనదొక్కటే." వేలితో కొమ్మ వెంటే వెళ్ళాడు. ఒక చోట వేలు ఆగింది. "ఇదేంటి? జాయింటు తప్పిందే! మా నాన్నకా?"

జీవితమంతా ఆయన తండ్రి చెయ్యి జారదనే నమ్మాడు. ఆ చేతితో పోల్చుకునే తన చెయ్యి అచ్చుల మీంచి వెనక్కి తీసుకున్నాడు.

దివ్యశ్రీ ఇంకో ఫొటో తెరిచి దాని పక్కనే పెట్టింది. పెట్టె అడుగున తోసేసిన దుపట్టా. అదే తడబాటు, కొమ్మ దగ్గర.

"అడుగున ఉండాలే ఇది."

"అడుగునే దొరికింది. ఇదిగో, తాతయ్య వేసిన ఈ గుడ్డ నానమ్మ చీర, అమ్మ చెప్పింది. జాయింటు తప్పిందని ఆయన దాచలేదు నాన్నా. తీసుకెళ్ళి నానమ్మకి కట్టబెట్టాడు. ఆవిడ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ ఆ చీరే కట్టింది."

పైడేశ్వరరావు నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళలోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. "దొంగ ముసలాడు," అన్నాడు. "మా చేత మాత్రం తప్పిన గుడ్డ విప్పించి మళ్ళీ మళ్ళీ చూపించి చీవాట్లు పెట్టేవాడే!"

"అది చూపించడానికే ఇదంతా అనుకోకు," అంది దివ్యశ్రీ. మూలనున్న చిన్న బల్ల ముందుకి లాగింది. మెత్త మీద కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన లేత పసుపు గుడ్డ బిగించి ఉంది. పైన దూలానికి తాడుతో కట్టిన చిన్న కెమెరా. అదీ కంప్యూటరుకే తగిలించింది. టీవీలో ఆ బల్లే, అరచెయ్యంత మేర గోడంతయి కనపడింది. "నువ్వు బల్ల వైపు చూడక్కర్లేదు. అటు చూస్తూ వెయ్యి. బొమ్మ ఒక్క క్షణం వెనకబడుతుంది, అచ్చు ఆనించి కాస్త ఆగు. ఇందుకే నాన్నా, నిన్న బందరు వెళ్ళి పొడుగు వైరు కొన్నది."

పైడేశ్వరరావు విసిరికొట్టిన తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. చిలక అచ్చు తీసుకుని నల్లరంగు మెత్త మీద అద్దాడు. గుడ్డ మీద మొదటిది వేశాడు. రెండోది ఆనించి, తలెత్తి టీవీ వైపు చూశాడు. వెంట్రుకవాసి పక్కకుంది. కొద్దిగా జరిపాడు. ఆగాడు. పిడికిలితో అచ్చు వీపు మీద గుద్దాడు.

ఆ చప్పుడు ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. కనకమహాలక్ష్మి చేతిలో అట్లకాడ అప్పుడు కింద పడింది.

అచ్చు ఎత్తాడు. టీవీలో చిలక తోక, పక్క చిలక ముక్కూ ఒకే గీతలో కలిసిపోయాయి. పైడేశ్వరరావు కూతురి వైపు తిరిగాడు. ఏదో గొప్ప మాట అనాలనుకున్నాడు. "ముక్కు మీద బూజుంది, తుడుచుకో," అన్నాడు. అంటూ తనే తువ్వాలుతో తుడిచాడు. నల్లరంగు అంటి ఇంకా పాడైంది.

మధ్యాహ్నానికి వీధిలో మల్లేశ్వరరావు గొంతు వినపడింది. "ఏం బావా! ఏదో పెద్ద గొడవైందట? స్క్రీన్ దిగిందా లేదా?"

కోటయ్య ఫొటోని మేకుకి తగిలిస్తున్న పైడేశ్వరరావు స్టూలు మీంచే ఊరంతా వినపడేలా జవాబు చెప్పాడు.

"దిగింది బావా. మా అమ్మాయి దించింది. చెప్పులు విప్పి లోపలికి రా, మా నాన్న చెయ్యి ఎక్కడ జారిందో చూద్దువుగాని!"