సూర్యకళ పేరుతో లాగిన్

"సూర్యకళ ముఠాకి అమ్ముడుపోయింది. ఇవాళే అరెస్ట్ చెయ్యండి."

ఢిల్లీలో చీఫ్ చంద్రరావు ఫోన్ పెట్టేశాడు. కొవ్వూరు ఎస్టీడీ బూత్‌లోంచి బయటికొచ్చిన ఏజెంట్ యెహెజ్కేలు ఎండలో కాసేపు అలాగే నిలబడ్డాడు. సొంత మనుషులను పట్టివ్వడం అతనికి కొత్త కాదు. అలవాటూ కాలేదు.

అది 2003. సముద్రం అడుగున గ్యాస్ జాడ చెప్పే సర్వే మ్యాపులు గోదావరి గట్టు మీదున్న ఒక ప్రైవేటు ల్యాబ్ నుంచి విదేశీ ముఠాకు చేరుతున్నాయి. ముఠా మనిషిగా నటిస్తూ మనకు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్ సూర్యకళ అక్కడే సిస్టమ్స్ ఇన్‌చార్జి.

యెహెజ్కేలు యూపీఎస్ మెకానిక్ వేషంలో లోపలికి వెళ్ళాడు. సర్వర్ రూమ్‌లో నెమలికంఠం రంగు షిఫాన్ చీరలో ఆమె ఎదురైంది. అంత అందమైన కళ్ళ కింద నిద్రలేని నలుపు.

"గోదారి ఎర్రబడిందాండి?" అడిగాడు యెహెజ్కేలు.

"ఇంకా లేదండీ. పైన వానల్లేవు."

కోడ్ సరిపోయింది.

"ఆఖరి మ్యాప్ ఇవాళే పంపుతారండి. ఎవరన్నదే తెలీడం లేదు."

ఆమె మాట నమ్మాలనిపించింది. నమ్మకూడదన్నది ఆర్డర్. లైనక్స్ డెస్క్‌టాప్ మీద టెర్మినల్ తెరిచి 'టెయిల్ మైనస్ ఎఫ్' కమాండ్ కొట్టాడు. ఇక సర్వర్‌లో ఏం జరిగినా ఆ క్షణమే తెరమీద కొత్త లైనుగా కనబడుతుంది.

సూర్యకళ అతని పక్కనే నిలబడి ఫ్లాస్కులోంచి టీ వంచుతోంది. తెర కదిలింది.

'సెషన్ ఓపెన్డ్ ఫర్ యూజర్ సూర్యకళ.'

ఆమె రెండు చేతులూ ఫ్లాస్కు మీదే ఉన్నాయి.

"మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసండీ?"

"మొన్న మార్చి ఇచ్చింది మేనేజర్ అప్పాజీ గారేనండి..."

మరో లైను. లాగిన్ అయిన మెషీన్ మేనేజర్ గదిలోదే. ఆ వెంటనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ మొదలైంది. యెహెజ్కేలు ఒక్క ఉదుటున లేచి మోడెమ్ వైరు పీకేశాడు.

'కనెక్షన్ లాస్ట్. ట్రాన్స్‌ఫర్ ఇన్‌కంప్లీట్.'

అతను మేనేజర్ గదిలోకి వెళ్ళేసరికి అప్పాజీ ఎంటర్ కీని టకటకా కొడుతున్నాడు.

"ఏంటయ్యా మెకానిక్కూ, లైన్ పోయింది?"

"నేనే తీశానండి," అన్నాడు యెహెజ్కేలు, రివాల్వర్ చూపించి.

పోలీసులు అప్పాజీని జీపెక్కించాక సూర్యకళ అడిగింది. "మీరొచ్చింది నన్ను పట్టుకోడానికే కదండీ?"

అబద్ధమాడే ఓపిక లేదు. "అవునండి."

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. "మీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమోనండి."

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో పొంగిపోయాడు. "శభాష్! అడిగిన సెలవు శాంక్షన్. మొగల్తూరు వెళ్ళండి, సముద్రపు గాలికి ప్రాణం లేచొస్తుంది."

యెహెజ్కేలు నిట్టూర్చాడు. "అక్కడ ఎవర్ని పట్టుకోవాలండి?"