వెలిగిపోయిన గొంతు

మెషీన్‌లో రాయి వేడెక్కుతోంది. తెరమీద గీత మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా అడ్డంగా పడుంది. మంగతాయారు స్పీకరుకి చెవి ఆనించి కూర్చుంది. పోయిన భర్త నరసింగరావు ఒక్కసారి "తాయారూ" అంటే చాలు, ఇంకేం అక్కర్లేదు ఆవిడకి.

రాయంటే మామూలు రాయి కాదు, ఫ్లోరైటు. సగం ఊదా, సగం పచ్చ, మధ్యలో తేనెరంగు చార. నరసింగరావు అలాంటి రాళ్ళు అరగదీసి టెలిస్కోపులకి కటకాలు చేసేవాడు. ఈ ముక్కని మాత్రం ముచ్చటపడి పనిబల్లమీద ఉంచుకున్నాడు. కూనిరాగాలూ దాని ముందే, పెళ్ళాంమీద విసుర్లూ దాని ముందే.

ఫ్లోరైటు రేడియేషన్‌ని తనలో దాచుకుంటుంది, వేడిచేస్తే వెలుగుగా వదిలేస్తుంది. ఇది పాత సంగతే. ఆ దాపరికంలో చుట్టుపక్కల శబ్దాల ముద్ర కూడా ఉంటుందని కనిపెట్టింది డాక్టర్ సువర్చల. ఆవిడ మెషీన్ రాయిని మెల్లగా వేడిచేసి, వచ్చే వెలుగుని మళ్ళీ గొంతుగా మారుస్తుంది.

గీత కదల్లేదు. దీన్ని ఇంతకుముందు ఎప్పుడైనా వేడిచేశారా అని సువర్చల అడిగింది.

అయ్యో, పొయ్యిమీద పెట్టే వస్తువా అది అంది మంగతాయారు! ఆయన ఫోటో ముందు హారతి పళ్ళెంలో పెట్టి, పక్కనే కర్పూరం వెలిగించేది, అంతే. మొదటి శుక్రవారం కర్పూరం కొండెక్కాక కూడా రాయి నీలంగా వెలిగింది. ఆయనే వచ్చాడని చేతులు జోడించి ఏడ్చింది. మరుసటి వారం వెలుగు తగ్గింది. ఆపైన అదీ లేదు. అలిగాడనుకుని ఇంకో రెండు బిళ్ళలు ఎక్కువే వెలిగించింది.

సువర్చల మెషీన్ ఆపేసింది.

"ఆ నీలం వెలుగే ఆయన గొంతమ్మా. రాయి ఒక్కసారే ఇస్తుంది."

మంగతాయారు గుండె చెరువైంది. మొగుడి మాటలన్నీ చేజేతులా తగలేసుకుంది.

"అయితే ఆయన మాట్లాడుతుంటే నేను చూస్తూ కూర్చున్నానా!"

రేడియేషన్ పెట్టి రాయిని మళ్ళీ నింపొచ్చుగానీ, ఇక అందులో పడేది బతికున్నవాళ్ళ గొంతేనని సువర్చల నచ్చజెప్పింది. అయితే నాదే పెట్టమంది మంగతాయారు. గది తలుపేసుకుని చాలాసేపు రాయితో మాట్లాడింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే, వేడి తగలనివ్వకండి, అంతా చెరిగిపోతుంది అని డాక్టరమ్మ జాగ్రత్త చెప్పింది.

"దాచుకోడానికి కాదమ్మా. శుక్రవారం హారతిచ్చి ఆయనకి పంపిస్తాను," అని రాయిని కొంగున ముడేసుకుంది మంగతాయారు.

ఆ సంగతి ఊరంతా పాకింది. పోయినవాళ్ళ గొంతు వినిపించడానికి కట్టిన సువర్చల ల్యాబ్ ముందు ఇప్పుడు రోజూ క్యూ. వినడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ రాతికి చెప్పుకునేది చెప్పుకుని, దార్లో కర్పూరం కొనుక్కుని ఇళ్ళకి పోతున్నారు.