తొమ్మిదో నంబరు కంప్యూటరు

సముద్రం ఒడ్డునున్న మా ఊరు మాలబోన్‌లో శవాన్ని ఉంచి రాత్రుళ్లు జాగరణ చేసే హాలుకి ఎదురుగా, ఆటలకి గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక కంప్యూటర్ల కొట్టుంది. అందులో మూల గోడ వారన ఉన్న తొమ్మిదో నంబరు ముందు, చీకటి పడ్డాక ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. తెలియక కూర్చోబోయినా పక్కవాళ్లు చొక్కా పట్టుకుని లాగేసేవాళ్లు.

అంతా మావాళ్ల తెలివితేటల వల్లే. శవజాగరణకి వెళ్లినవాడు నేరుగా ఇంటికి పోకూడదు... పోతే చచ్చినవాడు వెంటే వస్తాడు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి, దులుపుకుని, అప్పుడు ఇల్లు చేరాలి. ఎదురుగా కంప్యూటర్ల కొట్టు ఉండగా ఇంకెక్కడికి పోతారు? పది నిమిషాలు ఆట ఆడుకుని, చచ్చినవాణ్ణి అక్కడే వదిలేసి, హాయిగా ఇంటికి పోతారు.

"అంటే పదేళ్ల చావులన్నీ ఈ గదిలోనే ఉన్నాయన్నమాట. మరి అందరూ తొమ్మిదో దాని మీదే ఎందుకు పడ్డారు పిన్నీ? మిగతావి నచ్చలేదా?" అనేవాడు ఇసిద్రో, వీధి చివర చేప ఉండలు వేయించే క్లారింగ్ పిన్నితో.

ఇసిద్రో కంప్యూటర్లు బాగుచేస్తాడు. దేనికీ భయపడడు, ఎవర్నీ లెక్కచేయడు. ఎవరి ఇంట్లో ఏది పాడైనా ముందు ఇంటివాళ్లని వెక్కిరించి, తర్వాత స్క్రూడ్రైవరు తీస్తాడు. మా ఊరి గోడ సాకెట్లకి రెండే చిల్లులు. కొత్త ప్లగ్గులకేమో మూడు పిన్నులు. ఆ మూడోదాన్ని కటింగ్ ప్లేయరుతో పుటుక్కున తెంపి, వైరుకి ఆకుపచ్చ టేపు చుట్టడం అతని పద్ధతి. పిన్ను అందరూ తెంపుతారు. టేపు మాత్రం అతనొక్కడిదే. చేసింది ఎవరో ఊరికి తెలియాలని చుట్టేవాడు.

కొట్టు యజమాని పేరు దోనాతో. అతను చనిపోయి అప్పటికి పది నెలలైంది. తొమ్మిదో నంబరు దగ్గరే పడిపోయాడు. ఆ రోజు సముద్రం పోటెక్కి వీధంతా నీళ్లు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. కానీ హాల్లోంచి ఎవరో వదిలేసిన దయ్యం పట్టుకుపోయిందని క్లారింగ్ పిన్ని చెప్పింది. ఊరు పిన్ని మాటే పట్టుకుంది.

అప్పట్నుంచే ఆ కంప్యూటరు తీరు మారింది. కరెంటు పోయి వచ్చిందంటే, ఎవరూ ముట్టకుండానే దానంతటదే వెలుగుతుంది. ఆట మధ్యలో టప్‌మని ఆరిపోతుంది. క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే... జివ్వుమంటుంది. ఎవరో వేళ్లతో నిమిరినట్టుంటుంది.

దోనాతో భార్య సలోమె భయపడలేదు. రోజూ దీపాలు పెట్టే వేళకి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. ఆ జివ్వుమనడం మొగుడి చెయ్యేనని ఆమె నమ్మకం. పగలంతా దానికోసమే ఎదురుచూసేది.

కానీ మనుషులు రాకపోతే కొట్టు ఎలా నడుస్తుంది? గిరాకీ పడిపోయింది. మిగతా తొమ్మిదింటి దగ్గరా కుర్చీలు ఖాళీగా ఉండిపోతున్నాయి. చివరికి ఆమే ఇసిద్రోకి కబురు పెట్టింది.

"ప్రాసెసరు పాతబడింది, మార్చాలి అని ఆయన పోయే ముందు అన్నాడు తమ్ముడూ. ఆ ఒక్క పనీ అయితే శాంతిస్తాడేమో."

"శాంతించడానికి ఆయనకి ప్రాసెసరు కావాలా అక్కా? ఇంకా నయం, కొత్త మౌసు అడగలేదు," అన్నాడు ఇసిద్రో. అలా అనేశాక కాస్త సిగ్గేసింది కానీ, అతనికి సిగ్గు ఎక్కువసేపు నిలవదు.

ఒక సాయంత్రం సంచీలో సెకండ్‌హ్యాండ్ నాలుగు కోర్ల ప్రాసెసరు ఒకటి, కొత్త పవర్ సప్లై ఒకటి పెట్టుకుని వచ్చాడు. వాన పడుతోంది. పోటు నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి. ఎదురు హాల్లో ఎవరిదో జాగరణ... పేకముక్కల చప్పుడు, కాఫీ వాసన. క్లారింగ్ పిన్ని బండి మూసేసి, చూడ్డానికి గుమ్మంలో నిలబడింది.

"ముట్టే ముందు అనుమతి అడుగు," అంది పిన్ని గుసగుసగా.

"ఎవర్ని? కరెంటు కంపెనీనా?"

రబ్బరు చెప్పులతో చెక్క స్టూలు మీద కూర్చుని, క్యాబినెట్ వెనక వైరు ఊడబీకి, పక్క రేకు తీశాడు. ఫ్యాను కింద వేడిని లాగే పేస్టు ఎండి, గిన్నె అడుగున అంటుకున్న గంజిలా పెచ్చులు లేచింది. గీకి, తుడిచి, చిన్న కమ్మీ ఎత్తి పాత ప్రాసెసరు తీశాడు. కొత్తది పెట్టాడు. బఠాణీ గింజంత పేస్టు, మీద ఫ్యాను. పవర్ సప్లై మార్చడం రేపు చూసుకోవచ్చులే అనుకున్నాడు. మళ్లీ వైరు గుచ్చి బటన్ నొక్కాడు.

వెలిగింది.

"చూశారా? ఏదీ మీ దయ్యం? గేమ్ పెడతాను, వచ్చి ఆడమనండి."

గేమ్ పెట్టాడు. నిమిషం... రెండు నిమిషాలు...

టప్.

ఎదురు హాల్లో పేకముక్కల చప్పుడు ఆగినట్టనిపించింది.

"ఆయనకి ఇష్టం లేదు," అంది పిన్ని.

"కొత్తది ఎక్కువ కరెంటు తింటుంది పిన్నీ. పాత సప్లైకి అంత పెట్టే ఓపిక లేదు. అంతే."

"మరి చేతికి తగిలేది?"

"ఎర్తు లేకపోతే ఏ డబ్బా అయినా చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. మా ఇంట్లోదీ అంతే. రోజూ మా తాతేం వచ్చి నిమరడం లేదు."

అప్పుడే... ఎవరూ ముట్టలేదు... తొమ్మిదో నంబరు దానంతటదే వెలిగింది.

పిన్ని శిలువ గుర్తు వేసుకుంది. ఇసిద్రో మెడ మీద వెంట్రుకలు లేచాయి. అది పైకి కనపడనీయకుండా గట్టిగా నవ్వాడు. టార్చి తీసుకుని, వెనక్కి వంగి, పవర్ సప్లై జాలీలోంచి లోపలికి చూశాడు.

లోపల ఒక వైరు తొడుగు కాలి వొలిచినట్టయిపోయింది. బోసి రాగితీగ ఇనప గోడని ఆనుకుని ఉంది. అది ఆనినచోట... సన్నగా, నీలంగా... చిట్లుతోంది.

అది చీమ కుట్టడం కాదు. క్యాబినెట్ మొత్తానికి గోడలోని కరెంటు అలాగే పారుతోంది. ఇన్నాళ్లూ రబ్బరు చెప్పులే మనుషుల్ని కాపాడాయి.

వెనకాల నీళ్లు కదిలిన చప్పుడు.

తల తిప్పాడు. పోటు గడప దాటింది. నేలంతా చీలమండల లోతు నీళ్లు. గుమ్మం దగ్గర సలోమె చెప్పుల జత తేలుతోంది. ఆమె పిన్నిని దాటుకుని, ఒట్టికాళ్లతో, చీకట్లో, చెయ్యి ముందుకి చాపి వస్తోంది.

"నేను చెప్తాను ఆయనకి. నా మాట వింటాడు," అంటోంది నెమ్మదిగా.

ఇసిద్రో బల్ల కింద చెయ్యి పెట్టి, గోడలోని ప్లగ్గు వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తెర ఆరిపోయింది. అదే క్షణంలో ఆమె అరచెయ్యి క్యాబినెట్ మీద పడింది.

ఏమీ కాలేదు.

ఆమె చెయ్యి జరిపి చూసింది. రెండో చెయ్యి కూడా వేసింది. చెంప ఆనించింది.

"లేడు," అంది. "ఏం చేశావు తమ్ముడూ? ఆయన లేడు."

ఇసిద్రో చేతిలో ప్లగ్గు ఉంది. టార్చి వెలుతురు దాని మీద పడింది. మూడో పిన్ను ఉండాల్సిన చోట నున్నగా తెంపిన మొండి. ఆ పిన్నే ఉండి, ఎర్తు తీగే ఉంటే, లోపల తొడుగు కాలిన రోజునే ఫ్యూజు పోయేది. ప్లగ్గు కింద వైరుకి ఆకుపచ్చ టేపు.

"ఆ రోజూ ఇంతే నీళ్లు. ఆయనా ఒట్టికాళ్లతోనే వచ్చాడు. చెయ్యి దీని మీదే ఉంది," అంది సలోమె, ఎవరికో కథ చెబుతున్నట్టు.

ఇసిద్రో ప్లగ్గుని పిడికిట్లో దాచుకున్నాడు. పాత సప్లై విప్పి సంచీలో పడేసుకున్నాడు. తను మళ్లీ వచ్చేదాకా కంప్యూటర్లు వేటినీ ముట్టొద్దని మాత్రం అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, నేలలో ఇనప కడ్డీ పాతి, ఎర్తు తీగ లాగి, పదింటికీ మూడు చిల్లుల సాకెట్లు బిగించాడు. కొత్త సప్లై పెట్టాడు. పైసా తీసుకోలేదు.

తొమ్మిదో నంబరు ఇప్పుడు గుర్రంలా పరిగెడుతోంది. కొట్టు నిండుతోంది. సలోమె ఇప్పటికీ సాయంత్రం చెయ్యి ఆనిస్తుంది. ఏమీ తగలదు. "శాంతించాడు," అంటుంది, కళ్లు తుడుచుకుని. దయ్యాన్ని వదిలించాడని ఇసిద్రోకి ఊళ్లో పెద్ద పేరొచ్చింది. చూశారుగా మావాళ్ల తెలివి.

ఆమెకి నిజం చెప్పాడా అంటారా? లేదు. చెప్పే ధైర్యం లేదు. దోనాతోని చంపింది గుండెనా, తీగనా... అతనికీ ఎప్పటికీ తెలియదు.

కానీ ఆ రాత్రి, దయ్యాలంటే నవ్వే ఆ మనిషి, నేరుగా ఇంటికి పోలేదు. వానలో తడుస్తూ మందుల షాపు దగ్గర ఆగాడు. రొట్టెల బట్టీ దగ్గర ఆగాడు. మూడోది నా చిల్లర కొట్టు. బీరు ఇస్తే ముట్టలేదు. ఇదంతా నాకు నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని చూపు నా వెనకాల ఉన్న కరెంటు ఐసు పెట్టె మీదే ఉంది.

"దీన్ని ముడితే మీ ఆవిడకి చెయ్యి జివ్వుమంటుందా అన్నా?" అన్నాడు.

"వానాకాలంలో. చచ్చిపోయిన వాళ్లమ్మ వచ్చిందంటుంది. ఎందుకూ?"

అతను వంగి, ఐసు పెట్టె వెనకాల టార్చి వేశాడు. నేనూ వంగి చూశాను.

ఆకుపచ్చ టేపు.