ఒకే స్వరం మీద ఏడుపు

గల్ఫ్‌లోని ఫుజైరాలో కంకర కొండ కిందికి దిగే సందు చివర ఒక విల్లా. రాత్రి ఇషా నమాజు దాటాక దాని వెనక గోడ వెంబడి నడవమంటే మగవాళ్ళకే కాళ్ళాడేవి కావు. కొండ మీద రాయి కొట్టే పనివాళ్ళు ఎంత అలసిపోయినా చుట్టు తిరిగే పోయేవాళ్ళు.

కారణం ఒక గొంతు. ఆడగొంతు. మాటలుండవు. ఒకే స్వరం మీద నిలబడి, హ... హ... అని మెల్లగా మొదలవుతుంది. తర్వాత హ, హ, హ. తర్వాత హహహహ అంటూ వెక్కిళ్ళు ఒకదాని మీద ఒకటి పడి, ఊపిరి తెగినట్టు టక్కున ఆగిపోతుంది.

మళ్ళీ మొదలు.

షహర్బానుది రాయచోటి. ఆ పక్క విల్లాలో ఇంటిపని. బలదియా, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళ చెత్తడబ్బా, ఆమె ఖర్మ కొద్దీ, ఆ గోడ చివరే ఉంది. 2006 జనవరిలో, పనికి చేరిన కొత్తల్లోనే, చెత్త సంచితో పోతూ ఆ గొంతు వినింది. సంచి అక్కడే పడేసి, చెప్పులు కూడా వదిలేసి, వాచ్‌మన్ భీమయ్య గది ముందుకొచ్చి కూలబడింది.

"ఇన్నవా?" భీమయ్య గొంతు తగ్గించాడు. "మస్తుమంది ఇన్నరు చెల్లె. గా ఇంట్ల ఎన్కట ఓ పనిపిల్ల సచ్చిందంట. అటు పోకు."

పోకుంటే చెత్త ఎవరు పారేస్తారు? దెయ్యాల నుంచి కాపాడుతుందని ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ, కళ్ళు సగం మూసుకుని పోయొచ్చేది.

గుట్టు విప్పింది ప్రేమ. ఆ విల్లాలోనే పనిమనిషి, రాజంపేట పిల్ల. గోడ మీంచి తల పెట్టి ఒకటే నవ్వు.

"దెయ్యమా? మా మేడమే అక్కా! నాలుగు నూర్ల ఏండ్ల నాటి పాటంట, వాళ్ళ దేశాలది. అప్పట్లో గొంతును దారం మాదిరి సాఫుగా పట్టుకోని, దుఃఖం వచ్చే చోట మాత్రం ఒకే స్వరాన్ని ఇట్ల కొడతా పోయేవాళ్ళంట. మెల్లగా మొదలుపెట్టి, జోరుగా. త్రిల్లో అంటారు దాన్ని. మేడమ్ దొరసానులకు నేర్పిస్తాది."

"ఏడ్చేదానికి కూడా చదువు కావల్నా?"

"కావల్లంట. నిజంగా ఏడిస్తే బాగుండదంట."

ఇల్లు తుడుస్తూ తుడుస్తూ ప్రేమ కూడా పట్టేసింది. అతిథులొస్తే మేడమ్ ఆమెను ముందు నిలబెట్టి పాడించేది. "చప్పట్లయితే కొట్టినారు. ఊరికి పోతా, పాస్‌పోర్ట్ ఇయ్యమంటే మాత్రం ఇయ్యల్యా."

షహర్బాను ఈ సంగతి సందంతా చెప్పింది. భయం వదిలింది. రాళ్ళ పనివాళ్ళు ఆ గోడ పక్కనే, మేకల్లా అరుస్తూ పోవడం మొదలుపెట్టారు. "మ్యాకకు సర్ది అయినట్టున్నది," అని భీమయ్య నవ్వేవాడు.

ఆగస్టులో మేడమ్, ఆమె భర్త తమ దేశానికి పోయారు. పారిపోతుందని ప్రేమను లోపలే ఉంచి, బయట గేటుకు తాళం వేశారు.

కొన్నాళ్ళు ప్రేమ గోడ దగ్గరికి వచ్చి మాట్లాడింది. ఒక రాత్రి రాలేదు. గొంతు మాత్రం వినిపించింది. హ... హ... హహహ.

పోనీలే, పాటతో పొద్దు పుచ్చుతోంది అనుకుంది షహర్బాను.

"ప్రేమా! శానా బాగా కుదిరిందే ఈ పొద్దు! మేడమ్ వింటే నిన్నే పంతులమ్మను చేస్తాది!"

గొంతు ఆగింది.

...మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా జోరుగా.

షహర్బాను నవ్వుకుంటూ చెత్త పారేసి వెళ్ళిపోయింది.

మర్నాడు కూడా విన్నారు, అందరూ. ఆ మర్నాడు గొంతు లేదు. ఆ తర్వాత గోడ దాటి వాసన వచ్చింది.

పోలీసులు గేటు పగలగొట్టారు. నీళ్ళు రాక, ట్యాంకు చూద్దామని నిచ్చెన ఎక్కి, వెనక గోడకూ నిచ్చెనకూ మధ్య పడిందంట. నడుము విరిగింది. నోట మాట పెగిలి ఉండదన్నారు. వెక్కడానికి మాత్రం ఊపిరి మిగిలింది. షహర్బాను నిలబడి మెచ్చుకున్న చోటికీ ఆ పిల్లకూ మధ్య ఒక ఇటుక మందం.

"నేను గూడ పాటే అనుకున్న," అన్నాడు భీమయ్య, నేల చూస్తూ. "నువ్వే చెప్తివి గద చెల్లె..."

మేడమ్ తిరిగొచ్చింది. కళ్ళు తుడుచుకుంది. కొత్త పనిమనిషిని పెట్టుకుంది. పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఇక ఆ గొంతు విన్నప్పుడల్లా షహర్బాను పోయి గేటు బాదేది. మేడమ్ బయటికొచ్చి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, తలుపేసుకునేది. ఇంకోసారి ఇట్లా చేస్తే ఖలాస్, ఊరికి పంపేస్తానంది షహర్బాను యజమానురాలు. అయినా బాదేది. ఏది పాటో, ఏది ప్రాణమో... ఆమె ఇక తేల్చుకోదలచలేదు.

చలి మొదలైన ఒక రాత్రి వినిపించింది. మెల్లగా. తర్వాత జోరుగా.

రెండు చేతులతో గేటు బాదింది. భీమయ్య ఉరికొచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు.

"ఏం పని చెల్లె ఇది? మేడమోళ్ళు మొన్ననే ఖాళీ చేసి పోయిండ్రు. ఇంట్ల ఎవ్వలు లేరు."

"నీకు వినపడల్యా అన్నా?"

భీమయ్య గేటు వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు.

లోపల గొంతు ఆగింది... ఎవరో వినడానికి ఆగినట్టు.

షహర్బాను రెక్క విడిపించుకుంది.

"వచ్చినా ప్రేమా," అంది. ఖాళీ ఇంటి గేటును బాదుతూనే ఉంది.